వాసన రాని పాలు

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిందే, దానికి నాలుగో ఏడు జరిగిన సంగతి ఇది.

ఆ వరదకి ముందు మేకలాయనకి ఆ నాలుగంతస్తుల మేడలో ఒక్క గడప కూడా తెలీదు. వరదొచ్చి తొమ్మిది రోజులు డెయిరీ బళ్ళు ఆగిపోయేసరికి, ఊరి చివర మెరక మీద ఉన్న ఆయన మేకలే ఆ మేడకి దిక్కయ్యాయి. మొలలోతు నీళ్ళలో క్యాను నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కిటికీల్లోంచి తాళ్ళకి కట్టిన బకెట్లు దిగాయి, బుట్టలు దిగాయి. అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. మూడో అంతస్తు కిటికీలోంచి బుట్టతో పాటు ఒక గొంతు కూడా దిగింది.

"హలో, పాలాయనా. నా మాట వినబడుతోందా?"

పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉంది. అన్ని అరుపుల్నీ తప్పించుకుని తిన్నగా వచ్చి ఆయన చెవిలో పడింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపిన మనిషని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం తలెత్తి "ఆఁ" అన్నాడు.

ఆయన మాట్లాడితే అంతే. భార్య బతికున్నప్పుడు ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేసేది. ఆమె పోయాక ఇంట్లో మాట అనేది మేకలకే మిగిలింది. మేడ వాచ్‌మన్ వారం తిరక్కుండా ఆయనకి 'కరువు' అని పేరు పెట్టేశాడు. మాటల కరువట. "వరదలో కొట్టుకొచ్చిన కరువు ఇది" అని వచ్చిన వాళ్ళకీ పోయిన వాళ్ళకీ చెప్పి తనే నవ్వుకునేవాడు.

నీళ్ళు తీశాక కూడా ఇరవై రెండిళ్ళ వాళ్ళు మేకపాలు మానలేదు. ఒకరికి దగ్గు తగ్గిందన్నారు. ఒకరికి పిల్ల ఒళ్ళు చేసిందన్నారు. అలా ఓ ఏడాది నడిచింది. తర్వాత ఒక్కో గడపా జారిపోయింది. పట్నంలో పాలకి కొత్త కొత్త రకాలొచ్చాయి మరి. పొద్దున్నే గేటు దగ్గర ఆ సీసాలూ డబ్బాలూ దించుకోవడం వాచ్‌మన్ పని. దించుకుంటూ ఒక్కోదానికి ఒక్కో మాట అంటించేవాడు.

"ఇదిగో కరువూ, ఇవి ఒంటెపాలు. పొడి చేసి పొట్లం కట్టారు. ఒంటె ఎక్కడుందో పొట్లం ఎక్కడుందో. ఇవి బాదంపాలు. బాదంకాయకి పొదుగు ఎటుపక్క ఉంటుందో నీకేమన్నా తెలుసా? ఇవి ఏటూ పాలు. అంటే ఏంటమ్మా అని అడిగితే ఆవుల్లో అదొక రకమట. నాకు మటుకు ఎటూ కాని పాల్లా ఉన్నాయి."

మేకలాయన నవ్వేవాడు కాదు. మీసం కొంచెం కదిలేది. క్యాను భుజం మార్చుకుని మెట్లెక్కేవాడు.

నాలుగో ఏటికి ఆయనకి మిగిలింది ఒక్క ఇల్లు. మూడో అంతస్తు, ఎడం చేతి వైపు.

ఎక్స్ఛేంజి ఆవిడకి వేరే పాలు పడవు. ఆవువైనా గేదెవైనా తాగిన గంటకి కడుపు రాయిలా అయిపోతుంది. మేకపాలు పడతాయి. కొడుకు రైలు డ్రైవరు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. కోడలు మందుల కంపెనీలో సరుకు పరీక్ష చేసే ఉద్యోగం. ఆ అమ్మాయి పొద్దున్నే ఆఫీసు హడావుడిలో ఉంటుంది కాబట్టి తలుపు తీసేది ఆవిడే.

స్టీలు గిన్నె పట్టుకుని గడపలో నిలబడేది. పాలు పొయ్యడానికి అరనిమిషం పట్టేది. మిగతా రెండున్నర నిమిషాలూ ఆవిడ మాట్లాడేది. వెనకటి రోజుల్లో దూరపు కాల్ అంటే మూడు నిమిషాలే. ఆ లెక్క ఆవిడ ఒంట్లో ఉండిపోయింది. గడియారం చూడకుండానే సరిగ్గా ఆపేసేది.

"ఒకాయన ఉండేవాడండీ. వారం వారం కాల్ బుక్ చేసేవాడు. తీరా కలిపాక ఏం మాట్లాడేవాడు కాదు. 'ఉన్నావా' అనేవాడు. అవతల ఆవిడ 'ఉన్నా' అనేది. కాసేపాగి మళ్ళీ 'ఉన్నావా' అనేవాడు."

"తర్వాత?" అన్నాడు మేకలాయన. ఆయన నోట ఆ మాట రావడమే ఎక్కువ.

"తర్వాతేముంది, మూడు నిమిషాలూ అయిపోయేవి. నేను కోసేసేదాన్ని. మీవీ అయిపోయాయి, వెళ్ళిరండి."

ఆయన మెట్లు దిగేవాడు. ఆవిడ చెప్పినదానికి తను ఏమనాల్సిందో మేకల పాక దగ్గరికి వచ్చాక తట్టేది. పాలు పితుకుతూ ఆ మాట రెండు మూడుసార్లు లోపల అనుకుని చూసుకునేవాడు. మర్నాడు గడప ముందు నిలబడేసరికి అది చద్దిదైపోయేది, ఆవిడ వేరే కబురు ఎత్తుకునేది. అలా ఆయన దగ్గర అనని మాటలు చాలా పోగుపడ్డాయి. అనకపోయినా ఆయనకి లోటనిపించలేదు. రేపు పొద్దున్న అనేది ఒకటుంది కదా, అది చాలు.

ఆయన పాలకి వాసన రాదు. అది ఆయన గొప్ప కాదు, భార్య పెట్టిన కట్టుబాటు. మంద అంతటికీ ఒక పోతు ఉండేది. వయసొచ్చిన పోతు సంగతి మేకలు పెంచిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. తన గడ్డాన్ని తనే తడుపుకుంటుంది, ఆ కంపు దానికి సొగసు. అందుకే దానికి 'అత్తరు' అని పేరు పెట్టింది ఆమె. అత్తరు ఉన్న పాకలో పాడి మేకని కట్టకూడదు. అత్తరు రుద్దుకున్న గుంజకి పాడి మేక ఆనకూడదు. "పోతుని ముట్టిన చేత్తో చెంబు ముట్టావా, నీకు ఆ పూట అన్నం లేదు" అనేది. పాలు గాలిని తాగుతాయనేది ఆమె. పక్కన ఏ వాసనుంటే దాన్ని లాక్కుంటాయట. అందుకని అత్తరు ఎప్పుడూ దూరంగా, గాలికి కింద వైపున, వేరే కొట్టంలో ఉండేది. ఆమె పోయి ఏడేళ్ళయినా ఆయన ఆ కట్టు తప్పలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం మేడ కింద బళ్ళు పెట్టుకునే చోట ఒక కంపెనీ వాళ్ళు బల్ల వేశారు. తెల్ల చొక్కా వేసుకున్న కుర్రది చిన్న చిన్న కాగితం కప్పుల్లో మేకపాలు పోసి అందరికీ రుచి చూపించింది. సీసా మీద మేక బొమ్మ, కింద ఏవో ముద్రలు. ఒకావిడ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"వాసనొస్తోందమ్మా."

"రావాలి మేడం. అసలుకి గుర్తే అది. వాసన రాలేదంటే ఆవుపాలు కలిపారన్నమాట. బజార్లో ఇప్పుడు అదే ఎక్కువ. మీరు తెలుసుకుని కొనాలి."

తెలుసుకుని కొనాలన్న మాట ఆ మేడ వాళ్ళకి బాగా పట్టింది. వాళ్ళందరికీ ఫోనులో ఒక గ్రూపు ఉంది. అందులో పాల పరీక్షలు రాసుకునేవాళ్ళు. గోటి మీద చుక్క వేసి జారితే నీళ్ళని ఒకరు, కాచితే మీగడ కట్టకపోతే అనుమానించాలని ఇంకొకరు. ఆ సాయంత్రానికి వాసన పరీక్ష కూడా అందులోకి ఎక్కింది. వాచ్‌మన్ మర్నాడు గేటు దగ్గర ఈ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"నీ పాలు వాసన రావు కదూ కరువూ? అయితే నువ్వు దొంగవి. నేను అనడంలేదు బాబూ, ఫోను అంటోంది."

మేకలాయన క్యాను భుజం మార్చుకుని పైకి వెళ్ళాడు. ఆ వేళ తలుపు కోడలు తీసింది. ఆ అమ్మాయి మాట పరుషం కాదు. పేరుకి కాకుండా నిజంగానే 'బాబాయ్‌గారూ' అని పిలుస్తుంది.

"బాబాయ్‌గారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ పాలకి మేక వాసనే రాదేంటి?"

చెప్పాల్సింది చాలా ఉంది. పోతు సంగతి, కొట్టం సంగతి, గాలి సంగతి, చెయ్యి కడుక్కోవడం సంగతి. ఇదంతా చెప్పే మనిషి ఏడేళ్ళ కిందట పోయింది.

"రాదమ్మా" అన్నాడు చివరికి.

"మీగడ కూడా కట్టదు."

"మేకపాలకి అంతే."

"అదే నాకు ఎలా తెలుస్తుంది చెప్పండి. నా ఉద్యోగమే అది కదా, మాట మీద ఏదీ వదలకూడదు. అత్తయ్య తాగేవి ఇవే, అందుకని భయం. ఈ వారం చూస్తాను. నమ్మకం కుదరకపోతే ఆ సీసాలే చెప్పేస్తాను. మీకు ముందే చెబుతున్నాను, వెనకాల చెయ్యడం నాకిష్టం ఉండదు."

అమ్మాయి భుజం మీదుగా హాల్లో కుర్చీ కనిపించింది. ఆవిడ కూర్చుని ఉంది. ఏదో అనబోయి కోడలు మాట్లాడుతోందని ఊరుకుంది. ఆ రోజు మూడు నిమిషాలు లేవు.

ఆయన తిరిగి వస్తూ దారిలో రెండుచోట్ల ఆగాడు. ఏం చెయ్యాలో పాలుపోలేదు. పాల మనిషికి పాలుపోకపోవడం ఏంటని భార్య ఉంటే నవ్వేది. పాలు అమ్మకపోతే ఆయనకి జరక్కపోదు. మేకపిల్లలకి వదిలినా, మార్కెట్లో పోసినా ఒకటే. పొద్దున్న లేచి ఎటు వెళ్ళాలి, అదీ ఆయన దిగులు. ఆ మెట్లు ఎక్కడానికి ఆయనకున్నది ఆ క్యాను ఒక్కటే. ఏ చుట్టరికం ఉందని వెళ్తాడు? ఊరికే వచ్చానండీ అని ఒక ఆడమనిషి గడప ముందు నిలబడే వయసూ కాదు, తీరూ కాదు. ఒకవేళ నిలబడినా ఏం మాట్లాడతాడు?

సాయంత్రం పాక ముందు చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్ళి అత్తరు పలుపు విప్పాడు. అది ఆయన వంక అదోలా చూసింది. ఎప్పుడూ అటు తీసుకెళ్ళని మనిషి తీసుకెళుతుంటే దానికీ వింతే. పాడి మేకల పాకలో నడిమధ్య గుంజకి కట్టాడు. అది మహారాజులా గంభీరంగా గడ్డం ఊపింది. మేకలు ఒక పక్కకి ఒత్తుకున్నాయి. వాటి మొహాలు చూడలేక ఆయన తడిక వేసేశాడు.

మర్నాటి పాలు ముక్కుకి తగిలాయి. ఆ మర్నాటివి ఇంకా గట్టిగా. ఆయన క్యాను మూత గట్టిగా బిగించి తీసుకెళ్ళాడు, తెరిచినప్పుడే తెలియాలని.

మొదటి రోజు కోడలు తలుపు తీసి, గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుంది. మళ్ళీ తనే నవ్వింది.

"ఇదీ. ఇప్పుడు నమ్ముతాను. ఇన్నాళ్ళూ ఏం చేశారు బాబాయ్‌గారూ?"

ఆయన నేల చూశాడు. "అమ్మగారు?" అన్నాడు.

"అత్తయ్య స్నానానికి వెళ్ళింది."

రెండో రోజు, నీరసంగా ఉందని అత్తయ్య లేవలేదంది కోడలు. ఆయన గడప ఉంది, క్యాను ఉంది, నమ్మకం కూడా కుదిరింది. ఆవిడ గొంతు మాత్రం లేదు.

మూడో రోజు తలుపు ఆవిడే తీసింది. మొహం పీక్కుపోయి ఉంది. గిన్నె ముందుకి పెట్టలేదు, పక్కన బల్ల మీద ఉంచింది.

"ఈ పాలు ఎవరివి?" అంది.

"నావే."

"మీవి కావు. నాలుగేళ్ళు తాగాను, నాకు తెలీదా? మొన్న తాగాను. మీరు తెచ్చారు కదా అని నిన్న కూడా ముక్కు మూసుకుని తాగాను. నిలబడలేదు కడుపులో. మీ మేకలకి ఏమన్నా జబ్బు చేసిందేమో అని రాత్రంతా అదే ఆలోచన. మేకలకేనా, మీకేమన్నా అయిందా?"

అబద్ధం చెప్పాలన్నా దానికి మాటలు కావాలి కదా. ఆయన దగ్గర అన్ని లేవు.

"పోతుని లోపల కట్టాను" అన్నాడు.

"పోతునా? ఎందుకు?"

"వాసన కోసం."

"వాసనెందుకండీ, ఎవరు ఏడ్చారు వాసన కోసం?"

ఆయన క్యాను పిడి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "లేకపోతే ఇటు రావడం పోతుందని."

ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఇద్దరి మధ్యలో కూర్చుని వాళ్ళ మాటలు విన్న మనిషి. ఏ మాట వెనక ఏముందో ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన వంక ఒకసారి చూసి, చూపు దించి, కొంగు చివర సరిచేసుకుంది.

వంటింట్లోంచి కోడలు వచ్చింది, చేతులు తుడుచుకుంటూ. అంతా వింది.

"బాబాయ్‌గారూ, అంటే వాసన మీరు కావాలనుకుంటే వస్తుంది, వద్దనుకుంటే పోతుంది. అవునా?"

"అవునమ్మా."

"అయితే వాసన రాని పాలే మంచివా?"

"అవే మంచివి. పోతుని దూరంగా కడితే రాదు."

"మరి ఆ రోజే ఆ ముక్క చెప్పొచ్చు కదా. నోరు తెరిచి రెండు మాటలు చెబితే అయిపోయేది. ఆవిడ రెండు రోజులు కడుపు పట్టుకుని పడుకుంది."

చెప్పొచ్చు. రెండు మాటలు. ఆయన దగ్గర నాలుగేళ్ళవి పోగుపడి ఉన్నాయి, ఆ రెండే లేకపోయాయి.

అమ్మాయి గొంతు తగ్గించింది. "మీరు చెడ్డవారని నేననను. కానీ రేపు ఇంకెవరో ఇంకేదో అంటే మీరు ఇంకేదో చేస్తారు. ఇంక నేను దేన్ని చూసి నమ్మాలి? కడుపుకి పడే పాలు వేరే ఏమున్నాయో డాక్టర్ని కనుక్కుంటాను. రేపటి నుంచి వద్దండీ."

"సరేనమ్మా."

అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. కుళాయి చప్పుడు వినిపించింది. ఆయన క్యాను ఎత్తుకున్నాడు. పొయ్యని పాలు బరువుగా ఉన్నాయి. ఒక మెట్టు దిగాడు.

"ఇదిగో" అంది ఆవిడ వెనక నుంచి. వరద నాటి గొంతు, పెంచకుండా, తగ్గించకుండా. "వద్దన్నది పాలే."

తలుపు మెల్లిగా మూసుకుంది.

ఆయన కిందికి వచ్చి గేటు దగ్గర నిలబడిపోయాడు. వాచ్‌మన్ సీసాలు సర్దుతున్నాడు.

"ఏంటి కరువూ, నిండు క్యానుతో దిగుతున్నావ్?"

మేకలాయన క్యాను కింద పెట్టాడు. తర్వాత అడిగాడు, "పాలే అంటే ఏంటి?"

"పాలేంటి?"

"పాలే. ఒకళ్ళు 'వద్దన్నది పాలే' అంటే?"

వాచ్‌మన్ చేతిలో సీసా కింద పెట్టాడు. ఈయన ఇంత పొడుగు మాట మాట్లాడ్డం అతను ఎరగడు. "అంటే... పాలొక్కటే వద్దన్నారు, మిగతావి అనలేదు అని."

"మిగతావి ఏంటి?"

"నాకేం తెలుసయ్యా? మోసుకెళ్ళేవాడివి నువ్వు. పాలు కాక ఇంకేం మోసుకెళ్తున్నావు పైకి?"

మేకలాయన క్యాను అక్కడే వదిలేసి నాలుగడుగులు వెళ్ళి, గుర్తొచ్చి, తిరిగొచ్చి తీసుకున్నాడు. వాచ్‌మన్ ముక్కున వేలేసుకున్నాడు.

ఆ పూట ఆయనకి పని తెగలేదు. అత్తరుని విప్పి కింది కొట్టానికి తోలాడు. అది రానని మొండికేసింది, మూడు రోజుల్లో దొరతనం రుచి మరిగింది. పాకంతా కడిగాడు. గుంజ పీకేసి కొత్తది పాతాడు. మేకల్ని ఒక్కోదాన్నీ వేడినీళ్ళ గుడ్డతో తుడిచాడు. పాలు ఏ గాలిని తాగితే ఆ వాసనే వస్తాయని భార్య అనేది. మనిషి కూడా అంతేనేమో అనుకున్నాడు. ఆమె మాటల గాలిలో ముప్ఫై ఏళ్ళు బతికాడు కాబట్టే మాటకి ఇంతలా మొహం వాచి ఉన్నాడు. ఆమె ఏమనుకుంటుందో అనీ ఒకసారి అనిపించింది. 'మూగమొద్దూ, ఇప్పటికైనా నోరు తెరు' అనేదేమో. అంతకు మించి ఆమె వేరే ఏమీ అనగలిగేది కాదు, ఆయన ఎంత ఆలోచించినా.

మర్నాడు పొద్దున్న మామూలు వేళకే లేచాడు. పాలు పితికాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెచ్చదనం తప్ప ఏ వాసనా లేదు. వాటిని తీసుకెళ్ళి మేకపిల్లల ముందు పోశాడు, అవి మూతులు ముంచి తోకలాడించాయి. క్యాను కడిగి గోడకి బోర్లించాడు. చేతులు సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. భుజం తేలికైపోయి నడక సరిగ్గా కుదరలేదు, రెండుసార్లు ఒక పక్కకి ఒరిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన ఉత్త చేతుల్ని చూసి, సీసాలు పక్కకి జరిపి దారిచ్చాడు. ఆయన మూడంతస్తులూ ఎక్కి, ఊపిరి నిలదొక్కుకుని, ఎడం చేతి వైపు తలుపు బెల్లు నొక్కాడు.